కల్లులొట్టిలోని గణితము

గోదావరిఖనిలో షిఫ్టు మారు వేళ బొగ్గుబాయినుండి పైకి వచ్చిన కార్మికులలో పలువురు తిన్నగా ఇల్లు చేరుదురు. కొందరు దారిలో కల్లు దుకాణమున ఆగుదురు. ఈ రెండవ వారిని గూర్చి సంఘసంస్కరణాభిలాషులు అనేక సంవత్సరములుగా వ్రాయుచునే యున్నారు, మేమును వ్రాసితిమి. తాగుడు వలన చితికిన సంసారములను చూచినవారెవ్వరును ఆ వ్రాతలు అనవసరమని చెప్పజాలరు. అయినను మేమొక లోపమును ఒప్పుకొనవలసి యున్నది. లొట్టిని దూషించితిమి గాని, లొట్టిలో ఏమి జరుగుచున్నదో విచారింపలేదు. ఆ నురుగులో నుండు ప్రాణిని ఆధారము చేసికొని గడచిన అర్ధశతాబ్దికి పైగా శాస్త్రజ్ఞులు ఒక గొప్ప ప్రశ్నకు సమాధానము వెదకిరి: జీవకణము తాను రెండు కావలసిన సమయమును ఎట్లు నిర్ణయించుకొనును? ఆ సమాధానము సూక్ష్మదర్శినితో మాత్రము దొరకలేదు. లెక్క వేయవలసి వచ్చెను. జీవశాస్త్రమునకును గణితమునకును మన చదువులలో మనము కట్టుకొన్న గోడ ఎంత అనర్థకమైనదో ఈ చరిత్ర వలన తేటపడును గావున దీనిని పాఠకుల యెదుట ఉంచుచున్నాము.

తాటిచెట్టునుండి గాని ఈతచెట్టునుండి గాని గౌడులు తెల్లవారుజామున దింపిన రసము తియ్యగా నుండును. లొట్టి లోపల సున్నము పూసినచో అది కొంతసేపు పులియక నీరాగా నిలుచును. సున్నము లేనిచో ప్రొద్దెక్కుకొలది నురుగు లేచును, తీపి తగ్గును, మత్తు పుట్టును. చక్కెరను మద్యసారముగను, బొగ్గుపులుసు గాలిగను మార్చునది ముఖ్యముగా యీస్టు అను సూక్ష్మజీవి. హాలెండు దేశీయుడైన లీవెన్‌హుక్ 1680లో తాను చేసికొన్న కటకములతో ఈ కణములను చూచెను గాని, అవి ప్రాణులని గ్రహింపలేదు. 1837లో ఫ్రాన్సున కానియార్ ద లా తూర్, జర్మనీలో ష్వాన్, వేర్వేరుగా పరిశీలించి, ఇది జీవించి పెరుగునదని చెప్పిరి. 1857 మొదలుకొని పాశ్చరు పండితుడు చేసిన పరిశోధనలతో పులియుట యనునది జీవవ్యాపారమని స్థిరపడెను.

కల్లులో విరివిగా నుండు యీస్టు కణము మిల్లీమీటరులో సుమారు రెండువందలవ వంతు. ఆహారము సమృద్ధిగా దొరకి, వేడిమి అనుకూలముగా నున్నచో గంటన్నరలో ఒక కణము రెండగును. తల్లికణము ప్రక్కను మొటిమవలె మొగ్గ పొడమి, పెరిగి, తుదకు విడిపోవును. దీనికి దూరపు బంధువైన మరియొక యీస్టు కలదు. అది మొగ్గ తొడుగదు. కడ్డీవలె సాగి నడుమ అడ్డగోడ కట్టుకొని సమభాగములుగా చీలును. దానిని లిండ్నర్ అను జర్మను పండితుడు 1893లో తూర్పు ఆఫ్రికా చిరుధాన్యపు బీరునుండి వేరుచేసి, ఆ పానీయమునకు స్వాహిలి భాషలోని పేరైన 'పోంబే'నే దానికి పెట్టెను. మన కల్లు, వారి పోంబే: శ్రమజీవుల సాయంకాలపు పాత్రలలోని ఈ రెండు ప్రాణులే ముందు చెప్పబోవు కథకు నాయకులు.

ఇంత చిన్న ప్రాణి యందు మానవునికి ఏమి పని యని అడుగవచ్చును. యీస్టు కణములో మన కణములయందు వలెనే కేంద్రకము కలదు. వంశలక్షణములను మోయు డి.ఎన్.ఏ. దారములు క్రోమోజోములుగా చుట్టబడి యందే యుండును. కణము విభజింపవలెనన్న తగినంత పెరుగవలెను, డి.ఎన్.ఏ.కు నకలు తీసికొనవలెను. రెండు ప్రతులను చెరియొక వైపునకు పంచవలెను. ఆ పిదపనే చీలవలెను. ఈ పనులు వరుస తప్పరాదు. ఏదియు రెండు మారులు జరుగరాదు, ఏదియు మానరాదు. మనదేహమున గాయము మానుట, నెత్తురు కొత్తగా పుట్టుట, గర్భస్థశిశువు పెరుగుట యన్నియు ఈ వరుస మీదనే ఆధారపడి యున్నవి. ఈ వరుస చెడుటయే పుట్టకురుపు, అనగా క్యాన్సరు.

ఈ కథలో తెలుగువాని పాలు కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో అమెరికాకు పోయి హార్వర్డులో ఫిస్క్ అను ఆచార్యుని యొద్ద పనిచేసిరి. దేహద్రవములలోని భాస్వరమును నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని వారిరువురును 1925లో ప్రకటించిరి. ఆ కొలతతో వెదకుచు 1929లో ఏ.టి.పి. అను పదార్థమును కండరములలో కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమాన్ కూడ వేరుగా దానిని కనుగొనెను. ప్రాణులన్నిట శక్తిని చేతులు మార్చు నాణెము ఏ.టి.పి. దానినుండి ఒక ఫాస్ఫేటు తుంపును తీసి మాంసకృత్తులకు అంటించు ఎంజైములను కైనేజులందురు. కణవిభజనకు ఆజ్ఞ యిచ్చునది ఇట్టి కైనేజే యని సుబ్బారావుగారు 1948లో పరమపదించిన నాటికి ఎవ్వరును ఎరుగరు.

1960వ దశకము చివర, రామగుండము ప్రాంతమున సింగరేణి సంస్థ కొత్త గనులను విస్తరించుచున్న కాలముననే, అమెరికాలోని సియాటిల్ నగరమున లీలండ్ హార్ట్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు యీస్టుతో ఒక ఉపాయము పన్నెను. యంత్రమెట్లు నడుచునో తెలియవలెనన్న ఒక్కొక్క మరను చెడగొట్టి యెక్కడ ఆగునో చూడవలెను. కాని విభజింపలేని కణమును పెంచుటెట్లు? చల్లదనమున బ్రతికి, వేడిమి పెంచగానే చెడిపోవు మరలు గల కణములను ఆయన ఏరెను. వేడి తగిలినంతనే ఒక్కొక్క రకము ఒక్కొక్క దశలో నిలిచిపోయెను. మొగ్గ ఎంత పెరిగినదో చూచి, గడియారపు ముల్లును చూచినట్లు, ఆగిన చోటు చెప్పవచ్చును. ఈ విధముగా విభజనకు ఆవశ్యకములైన జన్యువులు పదులకొలది దొరకెను.

ఇంతకంటె గంభీరమైన విషయము 1988లో వెలువడెను. ఎక్సుకిరణములు సోకి డి.ఎన్.ఏ. తెగినప్పుడు యీస్టు కణము విభజన నాపి, మరమ్మతు పూర్తియగువరకు వేచియుండును. రాడ్-9 అను జన్యువు లేని కణము మాత్రము వేచియుండక ముందుకు నడిచి చచ్చును. వైనెర్ట్, హార్ట్‌వెల్ అనువారు ఆ కణములను వేరొక మందుతో బలవంతముగా ఆపి చూచిరి. అప్పుడు అందనేకములు తెగినదానిని అతికించుకొని బ్రతికెను. వానికి మరమ్మతు చేయు శక్తి లేకపోలేదు. ఆగవలెనను ఎరుక లేకపోయెను. ఇట్టి ఆగుచోట్లకు వారు తనిఖీస్థానములని పేరు పెట్టిరి.

గనిప్రాంతమువారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. షిఫ్టు దిగకముందు సర్దారు పనిస్థలమునకు పోయి, కప్పు తట్టి చూచి, వాయువును పరీక్షించి, క్షేమమని వ్రాసి సంతకము చేయవలెనను నియమము ఊరక పుట్టలేదు. దీపపు మంటమీద నీలిటోపీ కనబడినచో మనుష్యులు ఆగవలసినదే. బొగ్గు ఎంత కావలసియున్నను సరే. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ పట్టణమున వేచియుండుట యెంత విలువ గలదో చెప్పుటకు శాస్త్రగ్రంథము అవసరము లేదు. కణమును అట్లే తన తనిఖీ మీద బ్రతుకుచున్నది.

పోంబే యీస్టు కథ స్కాట్లండులో నడచెను. ఎడింబరోలో మర్డక్ మిచిసన్ అను ఆచార్యుడు దాని పెరుగుదలను చిరకాలము కొలుచుచుండెను. ఆయన ప్రయోగశాలలో పాల్ నర్స్ అను యువకుడు 1970వ దశకమున కొన్ని వింతకణములను చూచెను. అవి చచ్చుట లేదు. తగినంత పెరుగకముందే, సగము పొడవుననే చీలుచున్నవి. స్కాట్లండువారి మాటలో 'వీ' అనగా చిన్నది. కావున ఆ జన్యువునకు వీ-1 అని పేరు వచ్చెను. బండి నిలిచిపోయినదన్న ఏ మర విరిగినను కావచ్చును. బండి తొందరగా పోయినదన్న మాత్రము విరిగినది కళ్ళెమే కావలెను. అట్లు నర్స్ విభజనకు కళ్ళెమును కనుగొని, దాని చేత పట్టబడిన గుర్రమును కూడ కనుగొనెను. అది సి.డి.సి.-2 అను కైనేజు. వీ-1 దానిమీద ఫాస్ఫేటు నంటించి ఆపును, సి.డి.సి.-25 అను వేరొకటి ఆ ఫాస్ఫేటును ఊడబెరికి విడుచును.

1982లో అమెరికా తీరమున టిమ్ హంట్ అను ఆంగ్లేయుడు సముద్రపు ముళ్ళబంతి గ్రుడ్లలో ఒక మాంసకృత్తును చూచెను. అది క్రమముగా పెరిగి, ప్రతి విభజన వేళను హఠాత్తుగా మాయమై, మరల పెరుగుచుండెను. దానికి సైక్లిన్ అని పేరిడెను. 1987లో నర్స్, మెలనీ లీ అనువారు మానవజన్యువులను చెడిపోయిన సి.డి.సి.-2 గల యీస్టులో ప్రవేశపెట్టి చూచిరి. మానవుని మర ఒకటి యీస్టు యంత్రములో అతికి, ఆగిన కణము విభజింపసాగెను. మన కాళ్ళక్రింది గోదావరిలోయ బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పూర్వపు అడవులది. యీస్టు వంశము, మన వంశము విడిపోయి అంతకు నాలుగు రెట్లకు తక్కువ గాని కాలము, అనగా ఏ నూరు కోట్ల యేండ్లో అయినది. అయినను ఆ మర మారలేదు. 1988లో సి.డి.సి.-2, సైక్లిన్ జంటయే విభజనకు ఆజ్ఞ యిచ్చు వస్తువని తేలెను. హార్ట్‌వెల్, హంట్, నర్స్ మువ్వురకును 2001లో నోబెల్ బహుమానము లభించెను.

ఇక చరిత్ర ముగిసినదని తోచవచ్చును. మరల పేర్లన్నియు దొరకెను గదా! కాని మరల జాబితా యంత్రము కాదు. సైక్లిన్ మెల్లమెల్లగా పెరుగుచుండగా ఆజ్ఞ ఒక్కసారిగా ఏల వెలువడును? వెలువడిన ఆజ్ఞ వెనుకకు ఏల మరలదు? ఎ అనునది బి ని ఆపును, బి అనునది ఎ ని ఆపును, సి రెంటిని పురికొల్పును అని బాణములు గీచి, ఫలితమేమని అడిగినచో తెలివిగలవాడును తడబడును. పటము ఒకటే యైనను, బాణముల బలములనుబట్టి కణము నిలిచిపోవచ్చును, లోలకమువలె ఆడవచ్చును, తలుపువలె టక్కున తెరచుకొనవచ్చును. ఏది జరుగునో చెప్పవలెనన్న ఎంత అని అడుగవలెను. ఎంత అని అడిగిన క్షణమున గణితము ప్రవేశించును.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రపు జాన్ టైసన్ 1991లో సైక్లిన్, సి.డి.సి.-2 లకు సమీకరణములు వ్రాసి ప్రకటించెను. హంగరీ దేశపు బేలా నోవాక్ ఆయనతో చేరెను. వారి పద్ధతి మన గ్రామములలో చెరువు లెక్క వేయువాని పద్ధతియే. కాలువ గుండ వచ్చు నీటిలోనుండి తూము గుండ పోవు నీటిని తీసివేసినచో ఆ గడియలో చెరువు ఎంత పెరిగినదో తెలియును. అట్లే క్షణక్షణము పుట్టిన సైక్లిన్ ఎంత, నశించిన సైక్లిన్ ఎంత యని వ్రాసినచో అవకలన సమీకరణ మగును. కాని ఈ చెరువు సామాన్యమైనది కాదు. ఇందు నీటిమట్టమే తూమును తెరచును. నిండువరకు తూము మూసియుండును. నిండినంతనే తెరచుకొని, దాదాపు ఎండిపోవువరకు మూసికొనదు. పిదప మరల నిండును. ఒక్కొక్క నింపు ఒక్కొక్క విభజన.

నిండినప్పుడు తెరచుకొని, సగమునకు తగ్గినను మూసికొనకుండుట ఏల? సి.డి.సి.-2 మేల్కొన్న వెంటనే తన్ను బంధించిన వీ-1ను అణచును, తన్ను విడిపించు సి.డి.సి.-25ను పురికొల్పును. కొంచెము మేల్కొన్నది మరికొంత మేల్కొనును. గనిలో నిండు టబ్బును పట్టాలమీద త్రోసినవారికి దీని సారము తెలియును. నిలిచిన టబ్బును కదలించుటకు నలుగురు భుజము వేయవలెను. కదలిన పిదప ఇద్దరు చాలుదురు. ఇద్దరే త్రోయుచున్నారని చెప్పి, టబ్బు నిలిచియున్నదా, పోవుచున్నదా యని అడిగినచో, అంతకు ముందేమి జరిగెనో తెలియక ఎవ్వరును చెప్పజాలరు. అట్లే, విభజనలో ప్రవేశించుటకు కావలసిన సైక్లిన్ ఎక్కువ, ప్రవేశించిన పిదప అందు నిలుచుటకు కావలసినది తక్కువ కావలెనని నోవాక్, టైసన్ 1993లో లెక్కనుబట్టి చెప్పిరి. అప్పటికి ఎవ్వరును దానిని చూచియుండలేదు. పదేండ్లకు, 2003లో, రెండు పరిశోధకబృందములు ఆఫ్రికా కప్ప గ్రుడ్ల రసములో సైక్లిన్ కొలత మార్చి మార్చి చూడగా, లెక్క చెప్పినట్లే రెండు వేర్వేరు హద్దులు కనబడెను. కాగితముమీద వ్రాసిన గీత కణములో దొరకెను.

ఈ విజయముకంటె మాకు ఆదర్శముగా తోచునది వారి అపజయములను వారు లెక్కించిన తీరు. మొగ్గ యీస్టునకు వ్రాసిన సమీకరణములను న్యూయార్కులో ఫ్రెడరిక్ క్రాస్ అను శాస్త్రజ్ఞుడు 2002లో ప్రయోగములతో ఒరసి చూచెను. కొన్ని సరిపోయెను, కొన్ని సరిపోలేదు. 2004లో క్యాథరిన్ చెన్, టైసన్, నోవాక్, క్రాస్ మున్నగువారు మార్చిన సమీకరణములను ప్రకటించిరి. జన్యువులు చెడిన 131 రకముల యీస్టును ఎత్తికొని, ఏది బ్రతుకును, ఏది చచ్చును, ఏది యెక్కడ ఆగును అని లెక్కను అడిగిరి. 120 రకముల విషయమున లెక్క సరియైన సమాధానము చెప్పెను. తక్కిన 11 రకములను వారు దాచలేదు. వాని పేర్లు కూడ వ్రాసి, ఇచట మన తెలివి చాలలేదని చెప్పిరి. వారి పనికి విలువ తెచ్చినవి ఆ పదకొండే యని మా నమ్మిక. అభిప్రాయమునకు తప్పు పట్టుట కష్టము. అది ఎటు పడినను పిల్లివలె కాళ్ళమీదనే పడును. సంఖ్య చెప్పినవాడు మాత్రము పట్టుబడుటకు సిద్ధపడి చెప్పును. సంస్కర్తలమగు మేము తాగుడును గూర్చియు, చదువును గూర్చియు వ్రాసిన వ్రాతలలో ఇట్లు పట్టుబడుటకు సిద్ధపడినవి ఎన్ని?

ఈ విద్య తెలుగునేలకు రాలేదని యెవ్వరును నిరాశ పడనక్కరలేదు. ఆక్స్‌ఫర్డులో నోవాక్ మున్నగువారితో కలసి, యీస్టు విభజననుండి బయటపడు ఘట్టమును గూర్చి 2011లో గణితనమూనా ప్రకటించిన పి.కె. వినోద్, పిదప హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీలో అధ్యాపకులైరి. అదే నగరమున 1977లో వెలసిన కణజీవశాస్త్ర కేంద్రము కలదు. రామగుండమున 2022లో వైద్య కళాశాల తెరవబడెను. గనికార్మికుల పిల్లలు తాము పెరిగిన పట్టణముననే కణశాస్త్రము చదువు కాలము వచ్చెను.

వారు చదువబోవు మందులలో ఈ చరిత్రయంతయు ఇమిడియున్నది. సుబ్బారావుగారు లెడర్లీ సంస్థలో నడపిన పరిశోధనవలన 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. దానికి విరోధులైన పదార్థములును పుట్టెను. అందొకటియైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు బోస్టనులో రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, తాత్కాలికముగనైన రోగము తగ్గుట 1948లో ప్రకటించెను. దాని సోదరియైన మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. డి.ఎన్.ఏ. నకలుకు కావలసిన సామగ్రిని అందకుండ చేసి కణమును ఆపుట దాని పని. 2015లో అమెరికాలో అనుమతి పొందిన పాల్బోసిక్లిబ్ అను రొమ్ముక్యాన్సరు మందు సైక్లిన్‌తో జత కూడు కైనేజులనే నేరుగా అణచును. ఏ మందు, ఏ దశలో, ఎంత, ఎన్ని దినముల కొకసారి అను ప్రశ్నలు వైద్యుని ముందు నిలుచును. అవి కొలతల ప్రశ్నలు.

కాని ఆ వైద్యవిద్యార్థి గణితమును ఎప్పుడు విడిచెను? పదవతరగతి ముగియగానే మన పిల్లలను రెండు త్రోవలలో నిలువబెట్టుదుము. ఎం.పి.సి.వాడు ఇంజనీరు, బై.పి.సి.వాడు వైద్యుడు. ఒకనికి ప్రాణి యెట్లుండునో చెప్పము. మరియొకనికి మార్పును లెక్కించు విద్యను చెప్పము. పదునారేండ్ల వయస్సున మనము కట్టిన ఈ గోడకు ఇరువైపుల నిలిచిన ఇరువురును పై చరిత్రలో సగము మాత్రమే చదువగలరు. యీస్టు కణము తన లోపల రసాయనము ఒక వైపు, లెక్క ఒక వైపు ఉంచుకొనలేదు. దానిని అర్థము చేసికొనువారును రెంటిని కలిపి చదువవలెను.

కావున మేము కోరునది ఇంతే. బొగ్గుప్రాంతపు కళాశాలలలో జీవశాస్త్రవిద్యార్థికి చెరువు లెక్కనుండి మొదలుపెట్టి మార్పుల గణితమును కొంతైన తెలుగులో బోధింపవలెను. గణితవిద్యార్థికి సూక్ష్మదర్శినిలో పులియుచున్న నీరా బొట్టును చూపవలెను. అందులకు పెద్ద ధనము అక్కరలేదు. ఉదయము దింపిన లొట్టి, ఒక సూక్ష్మదర్శిని, గడియారము, గీతల కాగితము చాలును. గంటకొకసారి బొట్టులోని కణములను ఎంచి, ఆ సంఖ్యలను కాగితముమీద గుర్తించిన బాలుడు సాయంకాలమునకు ఒక వంకరగీతను చూచును. అది యేల పైకి లేచెనో, యేల నిలిచిపోయెనో అడుగును. లొట్టిని వదలుమని తండ్రికి మేము ఇంకను చెప్పుచునే యుందుము. కుమారుడు దానిలోనికి తొంగిచూచుటకు మాత్రము అడ్డురాము.